అవ్వకు అర్థమైందా?

మా తమ్ముడి కూతురు బి.ఎస్సీ. విజువల్ కమ్యూనికేషన్ చదువుతోంది. మొన్న సెలవులకు అదియమాన్‌కోట్టై వచ్చి, సిలబస్ నా ముందు పెట్టి, "పెదనాయనా, ఈ కోర్స్ అవుట్‌కమ్స్ ఏమిటో చెప్పు" అంది. ఈ పాఠం ముగిసేసరికి విద్యార్థి ఫలానాది వివరించగలడు, ఫలానాది తయారుచేయగలడు అని ప్రతి పేపరు కిందా వాక్యాలు. పక్కన కె1 నుంచి కె6 దాకా గుర్తులు. 1956లో అమెరికాలో బెంజమిన్ బ్లూమ్ బృందం చదువు లక్ష్యాలను ఆరు మెట్లుగా పేర్చింది. 2001లో వాటిని సవరించారు. గుర్తుంచుకోవడం మొదటిది, అర్థం చేసుకోవడం రెండోది, సొంతంగా సృష్టించడం చివరిది. థియరీ పేపరుకు కాలేజీలో 25, చివరి పరీక్షకు 75 మార్కులు.

మా బి.కాం. రోజుల్లో ఈ మాత్రం కూడా చెప్పలేదు. బిజినెస్ కమ్యూనికేషన్ అంటే ఉత్తరాల నమూనాలు బట్టీ పట్టడమే. అందులో నాకు మంచి మార్కులే వచ్చాయి.

ఆ మార్కులతో బ్యాంకులో చేరి, ఒక అవ్వకు నగల అప్పు ఇచ్చాను. ఏ శాఖో ఇక్కడ అనవసరం. కాగితాలు తమిళం, ఇంగ్లీషు. ఆవిడది మన తెలుగు. "వడ్డీ కడితే చాలదవ్వా, గడువులోపల వచ్చి తిరగరాయాల" అని తెలుగులోనే చెప్పాను. "అర్థమైందా?" అంటే "అయింది నాయనా" అంది. వేలిముద్ర వేయించుకున్నాను. ఆవిడ వడ్డీ తప్పకుండా కట్టింది. వడ్డీ కడుతున్నంతకాలం గొలుసు భద్రమని ఆమెకు అర్థమైంది! వేలం నోటీసు తమిళంలో వెళ్ళింది. గొలుసు పోయిన సంగతి, బదిలీ మీద వేరే ఊళ్ళో ఉండగా నాకు తెలిసింది.

"వినేవాళ్ళు ఏ మెట్టు మీదున్నారో చూసే పరీక్ష ఇందులో ఎక్కడుందమ్మా?" అని అడిగాను. పిల్ల చాలాసేపు పేజీలు తిప్పింది.

మా ఊరి పేరులోని అదియమాన్ తరఫున ఔవైయార్ తొండైమాన్ దగ్గరికి రాయబారం వెళ్ళిందని పురనానూరు మాట. నీ ఆయుధాలు నెయ్యి పూసుకుని, దండలు వేసుకుని మెరుస్తున్నాయి, మా రాజువి మొనలు విరిగి కమ్మరి కొట్టంలో పడున్నాయి అందట. ఆ మెప్పులోని దెప్పు తొండైమాన్‌కు తగిలిందా లేదా అన్నదే ఆవిడకు పరీక్ష. పలుకు సొగసుకు వేరే మార్కుల్లేవు.

ఇంటర్నల్ మార్కుల కోసం పిల్ల రెండు నిమిషాల ఆడియో చేయాలట. నగల అప్పు తిరగరాయడం గురించి మన ఇంటి తెలుగులో చేస్తానంది. మార్కులు వేసే మేడమ్‌కు తెలుగు రాదు. ఎలా మరి? "పక్కింటి అవ్వకు వినిపించు. అర్థమైందా అని మాత్రం అడగొద్దు. నాకు తిరిగి చెప్పవ్వా అను. ఆమె చెప్పిందీ రికార్డు చేసి, తమిళంలో రాసి జతచెయ్యి" అన్నాను.

మొదటిసారి అవ్వ అన్నీ చెప్పి గడువు సంగతి వదిలేసింది. పిల్ల మొహం మాడ్చుకుని మళ్ళీ చేసింది. మూడోసారి విని అవ్వ, "అట్లయితే వడ్డీ వేరే, గడువు వేరేనా? ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదే!" అంది.

మార్కులు ఇంకా రాలేదు. ఆ మూడు ఆడియోలూ నా సెల్‌లో ఉంచుకున్నాను.