గోవా కొండల్లో ఉర్రాక్ ఋతువు

వేసవిలో గోవా దర్శించే యాత్రికులు సాధారణంగా సముద్రతీరంతోనే తృప్తిపడతారు. తూర్పున సత్తరి కొండలవైపు సాగితే, పండిన జీడిమామిడి వాసన ఎదురువచ్చి పలకరిస్తుంది. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు బ్రెజిల్ నుండి తెచ్చిన చెట్టు ఇది.

అక్కడ పండును కోయరు. దానంతటది రాలినదానినే ఏరుతారు. పిక్కను వేరుచేసి, పండును తొక్కి రసం తీసి, పులియబెట్టి, బట్టీపై కాచుతారు. మొదటిసారి కాచగా దిగేది ఉర్రాక్. మరల కాచితే ఘాటైన ఫెనీ. ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఉర్రాక్ మాత్రం ఎక్కువకాలం నిలువ ఉండదు. వేసవితో వచ్చి వేసవితోనే పోతుంది.

మాకు ఆతిథ్యమిచ్చిన వృద్ధురాలు గ్లాసులో కొంచెం ఉర్రాక్ పోసి, నిమ్మకాయ పిండి, చిటికెడు ఉప్పు, చీల్చిన పచ్చిమిరపకాయ వేసి, చల్లని సోడాతో నింపింది. పండు పరిమళం, పులుపు, ఉప్పు, కారం ఒక్కసారిగా నాలుకను తాకాయి.

"మీ ప్రాంతంలోనూ జీడితోటలున్నాయి కదా, పండ్లను ఏం చేస్తారు?" అని ఆమె అడిగింది.

పలాస తోటల్లో పిక్క తీసి పారవేయగా, చెట్లకింద కుళ్లిపోయే పండ్ల గుట్టలు జ్ఞాపకం వచ్చాయి. సమాధానం చెప్పలేకపోయాను.