అనంతగిరి కింద పుట్టినరోజు వంట

హైదరాబాదు నుంచి రైల్లో వికారాబాదు దిగి, ఐదారు కిలోమీటర్లు వెళితే అనంతగిరి కొండలు. మూసీ పుట్టేది ఇక్కడే. గాలి మంచిదని క్షయరోగులకు శానిటోరియం కట్టిందీ ఇక్కడే.

మొన్న జనవరిలో మా పక్కింటి పాప ఎనిమిదో పుట్టినరోజుకు, తన స్నేహితులు పదిమందితో కొండ కింద తెలిసినవారి పొలానికి వెళ్ళాం. అడవిలో నిప్పు చేయరాదు కదా, పొయ్యి పొలంలోనే. ఈ ప్రాంతం కందికి పేరు. పక్కనున్న తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పిల్లలు సబ్బుతో చేతులు కడుక్కుని, పచ్చి కందికాయలు వాళ్ళే కోసి, కడిగి, ఒలిచారు. ఆ గింజలు, పెసరపప్పు, బియ్యం, పసుపు వేసి కిచిడీ. పక్కన టమాటా పచ్చడి, జామముక్కలు. ఇంట్లో చిక్కుడుకాయ చూస్తే ముఖం తిప్పుకునే కుర్రాడొకడు ఆ గింజల్ని ఏరుకుని మరీ తిన్నాడు!

బోరు నీళ్ళు తేటగానే ఉన్నాయి. అయినా కాచి చల్లార్చే తాగించాను.

మిగిలిన కిచిడీ రాత్రికి పట్టుకెళదామంది పాప తల్లి. వద్దన్నాను. వండిన అన్నం గంటల తరబడి వెచ్చగా ఉండిపోతే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి పెరిగి ఒక విషాన్ని వదులుతుంది. మళ్ళీ ఎంత వేడిచేసినా ఆ విషం పోదు. పిల్లలకు వాంతులు పట్టుకుంటాయి. రెండు గంటల్లోగా తినెయ్యాలి, లేదా ఫ్రిజ్‌లో పెట్టాలి. పొలంలో ఫ్రిజ్ ఎక్కడిది? పొగలు తగ్గకముందే అక్కడ పనిచేస్తున్న వాళ్ళకు పాప చేతే వడ్డింపించాం.