సరళాసాగర్ కట్ట మీద

నాగార్జునసాగర్ చూసి వచ్చామని చెప్పేవాళ్ళు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు. సండే స్కూల్ పిల్లలనూ యౌవనస్థులనూ బస్సు మాట్లాడి శ్రీశైలం, జూరాల తీసుకుపోతారు. సరళాసాగర్ చూశారా అని అడిగితే మాత్రం, అదెక్కడుంది అని ఎదురు ప్రశ్న వేస్తారు. ఆ నీళ్ళతో పండిన బియ్యం తిని పెరిగినవాణ్ణి కనుక దాన్ని గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది. రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది చివరికి మీకే తెలుస్తుంది.

హైదరాబాదు నుంచి కర్నూలు పోయే పెద్ద రోడ్డు మీద కొత్తకోట వస్తుంది. అక్కడినుంచి మదనాపురం వైపు తిరగాలి. రైలులో వచ్చేవాళ్ళు వనపర్తి రోడ్ స్టేషన్‌లో దిగుతారు. పేరు వనపర్తిదైనా ఆ స్టేషన్ ఉన్నది మదనాపురంలోనే. అక్కడికి దగ్గరలోనే చెరువు. మొన్నటిదాకా ఇదంతా మహబూబ్‌నగర్ జిల్లా. 2016లో వనపర్తి వేరే జిల్లా అయింది.

అక్కడ తినుబండారాల దుకాణాలు వరుసగా ఉండవు. విహారం తిప్పే పడవలూ ఉండవు. మట్టికట్ట, తుమ్మచెట్లు, ఒంటికాలి మీద నిలబడిన కొంగలు, దూరంగా చేపలు పట్టేవాళ్ళ తెప్ప ఒకటి. కట్ట మీద కూర్చుంటే గాలి చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. ఎండ పొద్దంతా కాసే మా పాలమూరు నేలలో అన్ని నీళ్ళు ఒక్కచోట కనిపిస్తే మనసుకు ఎంత చల్లగా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుస్తుంది.

వనపర్తి సంస్థానానికి చెందిన రాజా రామేశ్వరరావు గారు ఊకచెట్టు వాగు మీద దీన్ని కట్టించ తలపెట్టి, తన తల్లి సరళాదేవి గారి పేరు పెట్టారు. 1949లో పని మొదలై 1959లో పూర్తయింది. నిలిచే నీళ్ళు సుమారు అర టీఎంసీ. దీని కాలువల కింద నాలుగు వేల ఎకరాలకు పైగా సాగు. పెద్ద ప్రాజెక్టుల పక్కన పెడితే ఇది చిన్నదే. అయితే దీనికొక విశేషం ఉంది. మొన్న సంక్రాంతి సెలవులకు వచ్చిన మా అన్న మనుమడు కట్ట మీదికి ఎక్కగానే ఆ విశేషాన్నే పట్టుకున్నాడు.

"తాతా, డ్యాం అన్నావు గదా. దీనికి గేట్లేవి?" అన్నాడు.

గేట్లు లేవు. వాటికి బదులు సైఫన్లు ఉన్నాయి. డ్రమ్ములోంచి డీజిల్ తీయడానికి రబ్బరు పైపు పెట్టి ఒక్కసారి నోటితో పీల్చి వదిలితే, తర్వాత డీజిల్ దానంతట అదే అంచు ఎక్కి కిందికి దిగుతుంది గదా. ఇక్కడ చేసింది అదే పని, సిమెంటుతో, చాలా పెద్దగా. నీళ్ళు నిండుమట్టం దాటగానే కొన్ని నీళ్ళు గొట్టం లోపలి గట్టెక్కి అవతలికి జారుతాయి. జారుతూ లోపలి గాలిని తమతో లాక్కుపోతాయి. గాలి పోయిన చోటును నీళ్ళు నింపుతాయి. అప్పుడు గొట్టం నిండుగా పారుతుంది. ముందుగా పనిలోకి దిగేవి నాలుగు, వాటి వెనుక పారేవి పదిహేడు. మట్టం తగ్గి గాలి లోపలికి దూరగానే పారుడు ఆగిపోతుంది. గేటు ఎత్తే మనిషి అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. ఆసియాలో ఇలాంటిది ఇదే మొదటిదని మా వైపువాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు.

పిల్లవాడికి ఇదంతా వివరించింది నేను కాదు, మా అన్న. ఐదో తరగతితో చదువు మానేసిన మనిషి. నేను ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి. పక్కన నిలబడి విన్నాను. అలా ఆయన పక్కన నిలబడి ఆయన మాట వినడం నాకు చిన్న సంగతి కాదు. ఒకప్పుడు ఎనిమిదేళ్ళు మేము మాట్లాడుకోలేదు.

మా నాయన 2011లో ప్రభువునందు నిద్రించాడు. అంతకుముందు మూడు నెలలు ఆస్పత్రిలో ఉన్నాడు. నాకు వేరే ఊళ్ళో ఉద్యోగం. ఆదివారం ఆరాధన కాగానే బస్సెక్కి వచ్చి, నాయన తల దగ్గర ఒక గంట కూర్చుని, సాయంత్రం బస్సుకు తిరిగి పోయేవాణ్ణి. రాత్రిళ్ళు మేలుకున్నది అన్న. పక్క బట్టలు ఉతికింది వదిన. మందులకు కావలసిన డబ్బు మాత్రం ఇద్దరం చెరిసగం పెట్టాం. జ్ఞాపకార్థ కూడిక అయ్యాక బంధువులందరూ భోజనాలు చేసి కూర్చున్నప్పుడు ఖర్చుల మాట వచ్చింది. నేను అన్నతో, అందరి ముందరా, "లెక్క చూపించు" అన్నాను.

అనకూడని మాట. అంటున్నప్పుడే నాకు తెలుసు. అన్న లేచి లోపలికి పోయి, మడతలు పడిన కాగితం ఒకటి తెచ్చి నా ముందర పెట్టాడు. అందులో రెండు రూపాయల టీ ఖర్చు కూడా రాసి ఉంది. ఒక్క మాట అనలేదు. తువ్వాలు భుజాన వేసుకుని పొలానికి పోయాడు. ఆ రోజుతో మా మధ్య మాటలు ఆగిపోయాయి.

రిటైరై ఊరికి వచ్చాక పక్కపక్క పొలాలే అయ్యాయి. ఒకే మందిరంలో కూర్చునేవాళ్ళం, ఆయన తలుపు దగ్గర, నేను ముందర. కోతకాలపు పండుగకు ఇద్దరి వడ్ల బస్తాలూ బల్ల ముందర పక్కపక్కనే ఉండేవి. వాటిని మోసుకొచ్చిన మేము మాత్రం ఎడమొహం పెడమొహం. కానుక తేవడానికి ముందు సహోదరునితో సమాధానపడాలన్న సంగతి నేను సండే స్కూల్ పిల్లలకు బోధించినవాణ్ణే. పెద్దవాడు గదా, ఆయనే ముందు మాట్లాడాలి అనుకునేవాణ్ణి. ఒక్కో పండుగకు రేపు పోదాం అనుకునేవాణ్ణి. ఆ రేపు ఎనిమిదేళ్ళ పాటు రాలేదు.

2019 డిసెంబర్ 31. పాత సంవత్సరపు ఆఖరి రాత్రి ఆరాధనకు మందిరం కడిగి తోరణాలు కట్టాలని తెల్లవారకముందే లేచాను. ఇంతలో ఊరంతా కేకలు. సరళాసాగర్ కట్ట తెగిందన్నారు. మోటారుసైకిళ్ళ మీద కొందరు, నడిచి కొందరు, అందరం అటు పరుగెత్తాం. కట్టకు పెద్ద గండి పడి ఉంది. నిండు చెరువు ఎర్రగా సుడులు తిరుగుతూ వాగులోకి దూకి, కింద రామన్‌పాడు వైపు పోతోంది. వాన లేదు, మబ్బు లేదు. ఆకాశం నిర్మలంగా ఉంది. పెద్ద పెద్ద వరదలను సైఫన్లతో దాటించిన చెరువు, ఏ వరదా లేని రోజు తెగిపోయింది. కట్టలో ఎక్కడో సన్నగా నీరు ఊరుతూ లోపల మట్టిని కొద్దికొద్దిగా తినేసిందని అక్కడి రైతులు చెప్పుకున్నారు. ప్రాణాలు పోలేదు, దేవునికి స్తోత్రం. అయితే చేపలు పట్టేవాళ్ళు తలలు పట్టుకుని కూర్చున్నారు. యాసంగి వరికి నారు పోసుకున్నవాళ్ళ నోట మాట లేదు.

ఆ గుంపులో అన్న కనిపించాడు. ఆయనకు కాలువ తప్ప ఇంకో ఆధారం లేదు. నాకు మాత్రం గట్టు మీద బోరుంది. ఇంటికి వచ్చాక నా భార్య అన్నం పెట్టలేదు. గడపలో నిలబడి, "బావ నారుమడి నాలుగు రోజుల్లో ఎండుతుంది" అంది, అంతే. నేను కోపంగా, "నన్ను అడిగినాడా?" అన్నాను. ఆమె జవాబు చెప్పలేదు. ఆ మౌనంలో కూర్చున్నాను. సన్నగా ఊరిన నీరు అంత కట్టను తెంపిందన్న మాటే చెవుల్లో తిరిగింది. నాలో ఎనిమిదేళ్ళుగా ఊరుతున్నది ఏమిటో అప్పుడు తెలిసింది.

సాయంత్రం పైపులు భుజాన వేసుకుని పొలానికి పోయాను. బోరు నుంచి అన్న నారుమడి దాకా రెండు గట్లు దాటించి వేసి మోటారు ఆన్ చేశాను. చీకట్లో నీళ్ళు మడిలోకి పారుతున్న చప్పుడు వింటూ కూర్చున్నాను. వెనకనుంచి టార్చిలైటు వెలుగు పడింది. అన్న. నేను లేచి నిలబడ్డాను. చెప్పాలని కూడబెట్టుకున్న మాటలన్నీ పోయాయి. "తప్పయిందన్నా" అన్నాను.

ఆయన చాలాసేపు మడి వైపే చూశాడు. తర్వాత అన్నాడు: "నువ్వు ఆ మాట అన్నందుకు గాదురా నాకు బాధ. మనిషన్నాక కోపంలో ఒక మాట అంటడు. మల్ల తెల్లారి వస్తవని చూసినా. నువ్వు రాలే."

ఆ మాట ఇప్పటికీ నా గుండెలో ఉంది. ఆయన ప్రతి పొద్దూ నా కోసం చూశాడు. నేనేమో ఆయన కోసం చూస్తున్నానని అనుకున్నాను.

ఆ రాత్రి ఆరాధనకు ఇద్దరం బురద కాళ్ళతో ఆలస్యంగా చేరాం. అన్న ఎప్పటిలాగే తలుపు దగ్గర కూర్చున్నాడు. నేనూ అక్కడే కూర్చున్నాను. పాస్టరుగారు చూసి కూడా ఏమీ అడగలేదు.

పోయిన ఎనిమిదేళ్ళు తిరిగి వచ్చాయని చెప్పలేను. మా పిల్లలు ఒకరి పెండ్లికి ఒకరు రాకుండానే రెండు పెండ్లిళ్ళు అయిపోయాయి. ఆ ఫోటోల్లో లేనివాళ్ళు ఎప్పటికీ లేనట్టే. నాయన సమాధి దగ్గరికి ఇద్దరం కలిసి పోవలసిన సంవత్సరాలు అలాగే గడిచిపోయాయి. 2020లో గండి పూడ్చి కట్టను తిరిగి కట్టారు, చెరువులో మళ్ళీ నీళ్ళు నిలిచాయి. కొత్త మట్టి ఉన్న చోటు తెలిసినవాళ్ళకు తెలుస్తుంది. మా మధ్య కూడా అంతే.

ఆ సంక్రాంతి రోజు పిల్లవాడు సైఫన్ల వైపు చూసి, "మరి ఎప్పుడు వదలాలో దానికెట్ల తెలుస్తది తాతా?" అని అడిగాడు. అన్న నవ్వి, "నిండినంక ఆపుకోదు బిడ్డా, అంతే" అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు ముగ్గురం నీళ్ళను చూస్తూ కూర్చున్నాం. పొద్దు గుంకింది. వదిన కట్టిచ్చిన సద్దిరొట్టెలు పంచుకుని తిన్నాం. లెక్క ఎవరూ అడగలేదు.

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, అటువైపు వస్తే సరళాసాగర్ చూసి పోండి. ఒక సాయంత్రం కట్ట మీద ఊరికే కూర్చోండి. మీతో మాటలు మానేసిన సహోదరుడు ఎవరైనా ఉంటే, ముందు అతని ఇంటికి పోయి అతన్నీ వెంట తీసుకురండి.