సగం పాయింట్లు

మూడు వారాలుగా మా వంటింటి బల్ల మీద కంచాలకు చోటు లేదు. అయిదు రాష్ట్రాల వేట నిబంధనల పుస్తకాలు, పశ్చిమ అమెరికా పటమొకటి, నేను గళ్ళు గీసి నింపుకొన్న కాగితాలు దాన్ని ఆక్రమించుకున్నాయి. "ఇల్లు కొన్నప్పుడు కూడా మీరు ఇన్ని కాగితాలు చదవలేదు" అని మా ఆవిడ రోజుకొకసారి గుర్తుచేస్తోంది. నిజమే, చదవలేదు.

తేల్చవలసిన విషయం చూడ్డానికి చిన్నదే. 2026 శరదృతువులో ఎల్క్ వేటకు ఏ రాష్ట్రం వెళ్ళాలి?

వేట అనగానే నొచ్చుకునే మిత్రులు మనలో ఉన్నారని నాకు తెలుసు. వారిని ఒప్పించడానికి ఈ టపా రాయడం లేదు. ఈ మూడు వారాల లెక్కల్లో నాకు ఎదురైన ఒక సంగతి చెప్పుకోవాలనిపించింది, అంతే.

ఎల్క్ జింకజాతిలో పెద్ద జంతువు, మన అడవుల్లోని కణుజుకు దూరపు చుట్టం. బాగా ఎదిగిన మగది ఏడువందల పౌన్ల దాకా తూగుతుంది. ఒకప్పుడు మేముంటున్న అయోవా గడ్డిమైదానాల్లోనూ మందలుగా తిరిగేదట. పంతొమ్మిదో శతాబ్దంలోనే ఇక్కడ వేటాడి తుడిచిపెట్టేశారు. కనుక అయోవావాడికి ఎల్క్ కావాలంటే పడమటి కొండల రాష్ట్రాలకు పోవలసిందే, అక్కడ పరాయివాడిగా నిలబడి లైసెన్సు అడగవలసిందే.

ఈ వేట పిచ్చి నాకు పుట్టుకతో వచ్చినది కాదు. కృష్ణా డెల్టాలో పుట్టినవాణ్ణి, చిన్నప్పుడు నేను వేటాడినవల్లా పంటకాలవలో చేపపిల్లలు. పదకొండేళ్ళ క్రితం ఈ ఊరు వచ్చినప్పుడు, వాకిట్లో మంచు ఎత్తడం చేతగాక నిలబడిపోయిన నాకు పార ఎలా పట్టుకోవాలో చూపించినవాడు మా పక్కింటి పెద్దాయన. ఇక్కడి మర్యాద ప్రకారం ఆయన్ని పేరు పెట్టే పిలుస్తాను గాని, నా మనసులో మాత్రం ఎప్పుడూ పెద్దాయనే. ట్రాక్టర్లు బాగుచేసి బతికి, విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. తుపాకి ఎలా పట్టుకోవాలో, అంతకన్న ముఖ్యంగా ఎప్పుడు దించెయ్యాలో ఆయనే నేర్పాడు. నా మొదటి జింకను కొట్టిన రాత్రి నాకు అన్నం సహించలేదు. మర్నాడు మా నాన్నకు ఫోనులో చెబితే, "ఎందుకురా ఆ పాపం?" అన్నాడు. కాసేపు ఊరుకుని, "ఇంతకీ కూర అల్లం వేసి వండారా, ఉత్తదా?" అని అడిగాడు.

ఇక రాష్ట్రాల మాట.

ఎల్క్‌లు అన్నిటికన్న ఎక్కువగా ఉన్నది కొలరాడోలో. రెండో, మూడో రైఫిల్ సీజన్లలో చాలా ప్రాంతాలకు మగ ఎల్క్ ట్యాగు లాటరీ లేకుండానే, ఎనిమిది వందల డాలర్ల పైచిలుకు చెల్లిస్తే, అంగట్లో వస్తువులాగా దొరుకుతుంది. విల్లంబుల వేటగాళ్ళకు కూడా ఈ సౌకర్యం ఉండేది. పరాయి రాష్ట్రాలవారి తాకిడి ఎక్కువై 2025 నుంచి వారిని చాలా ప్రాంతాల్లో లాటరీలో పెట్టారు. సులభంగా దొరికేచోటికి అందరూ వస్తారు. తెల్లవారుజామున కొండ ఎక్కి చూస్తే ఎల్క్‌ల కన్న ముందు నారింజరంగు చొక్కాలు కనిపిస్తాయని వెళ్ళివచ్చినవారు చెబుతారు. జనానికి దూరంగా పోవాలంటే పదివేల అడుగుల ఎత్తుకు నడవాలి. మా ఊరు సముద్రమట్టానికి వెయ్యి అడుగులు కూడా లేదు.

న్యూ మెక్సికోలో పాయింట్ల గొడవ లేదు. ముప్పై ఏళ్ళుగా దరఖాస్తు పెడుతున్నవాడూ నిన్న మొదలుపెట్టినవాడూ ఒకటే. ఈ సమానత్వం నాకు మొదట ఎంతో నచ్చింది. తరవాత లెక్క చూశాను: లాటరీలో నూటికి ఎనభైనాలుగు ట్యాగులు ఆ రాష్ట్రవాసులకు, పది గైడుతో ఒప్పందం చేసుకున్నవారికి, మిగిలిన ఆరు మాలాంటి పరాయివారికి. సమానత్వమంతా ఆ ఆరింటి లోపలే.

మొంటానా పరాయివారికి ఏటా ఇచ్చే బిగ్ గేమ్ కాంబినేషన్ లైసెన్సుల సంఖ్యను పదిహేడు వేలకు కట్టడిచేసింది. ఖర్చు వెయ్యి డాలర్లు దాటుతుంది. ఐడహోలో ముందు వచ్చినవాడికి ముందు అన్న పద్ధతి చాలాకాలం ఉండేది, 2026 సీజను నుంచి అక్కడా లాటరీ పెట్టారు. ఆ దరఖాస్తు గడువు డిసెంబరులోనే దాటిపోయింది. నేను పుస్తకం తెరిచేసరికి ఐడహో తలుపు మూసుకుంది.

మిగిలింది వయోమింగ్. అక్కడ మామూలు ఎల్క్ లైసెన్సు పరాయివారికి 692 డాలర్లు. రెండు వేల డాలర్లకు చేరువగా చెల్లించగలిగినవారికి పోటీ తక్కువుండే మరో వరుస ఉంది, మా జేబులకు అందనిది. 2006 నుంచి అక్కడ పాయింట్ల పద్ధతి నడుస్తోంది. ఏటా 52 డాలర్లు కట్టి ఒక పాయింటు కొనుక్కోవచ్చు. నూటికి డెబ్బై అయిదు లైసెన్సులు పాయింట్లు ఎక్కువున్నవారికి, మిగతా పాతిక అదృష్టవంతులకు. కోరుకున్న లైసెన్సు వచ్చిందా, కూడబెట్టిన పాయింట్లన్నీ సున్నా అవుతాయి. వరుసగా రెండేళ్ళు పట్టించుకోకపోయినా పోతాయి.

పెద్దాయనకు వయోమింగ్‌లో పది పాయింట్లున్నాయి. నాకు ఒక్కటీ లేదు.

ఆయన భార్య పోయిన ఏడాది నుంచి ఆ పాయింట్లు కొంటున్నాడు. ఒక మంచి ప్రాంతం మీద ఆయన చూపు. కొద్దిమందికే లైసెన్సులిచ్చే చోటు, ముసలి కొమ్ముల మగ ఎల్క్‌లు తిరిగే చోటు. ఒక శరత్కాలపు ఉదయం దాని కూత వినాలి, అదీ ఆయన కోరిక. అంత పెద్ద శరీరంలోంచి అంత సన్నని, ఎత్తైన కూత వస్తుందని మొదటిసారి వినేవారు నమ్మరు.

జనవరిలో ఒక సాయంత్రం నా కాగితాల గుట్టను చూసి పెద్దాయన నవ్వాడు. "ఇద్దరం కలిసి వయోమింగ్‌కు దరఖాస్తు పెడదాం" అన్నాడు.

కలిసి దరఖాస్తు పెట్టేవారి పాయింట్లను లెక్కించే తీరు రాష్ట్రానికొకటి. కొలరాడో జట్టులో అందరికన్న తక్కువున్నవాడి పాయింట్లనే జట్టంతటికీ తీసుకుంటుంది. వయోమింగ్ సగటు కడుతుంది. పదీ సున్నా కలిపి సగటు కడితే అయిదు. ఆయన కలలుగన్న ప్రాంతానికి అయిదు చాలవు. విశాలమైన జనరల్ ప్రాంతాల లైసెన్సు రావడానికి మాత్రం అవకాశం బాగానే ఉంది, ఖాయమని చెప్పలేం. వస్తే ఆయన పదీ పోతాయి. నాకు పోవడానికి ఏమీ లేదు.

"వద్దు. పదేళ్ళ కష్టాన్ని నేను తినెయ్యలేను. మీది మీరు పెట్టుకోండి, నేను కొలరాడో పోతాను. లేదా ఇద్దరం కొలరాడోకే పోదాం, మీ పాయింట్లు భద్రంగా ఉంటాయి" అన్నాను.

"పాయింట్లను వండుకు తినలేం గదా" అని ఆయన లేచి వెళ్ళిపోయాడు. కోపంగా కాదు. కాని రెండు రోజులు మా ఇంటికి రాలేదు.

ఆ రెండు రోజులూ నా గళ్ళ కాగితంలో కొలరాడోకే ఎక్కువ మార్కులు వేసుకుంటూ పోయాను. ఎల్క్‌లు ఎక్కువ, నిరీక్షణ లేదు, ఎవరికీ రుణపడే పని లేదు. ఈ చివరిదే అన్నిటికన్న బరువుగా ఉందని నాకప్పుడు తెలియలేదు.

మూడో రోజు కారు పన్ను కాగితం కోసం బీరువా వెతుకుతుంటే మా నాన్న పాస్‌పోర్టు చేతికి తగిలింది. 2022లో ఆయన పోయాక ఊరినుంచి తెచ్చుకున్న నాలుగు వస్తువుల్లో అదొకటి. 2009లో తీసుకున్నది, 2019లో గడువు తీరింది. మా దగ్గరకు వచ్చి ఒక ఎండాకాలం ఉండాలని తీసుకున్నాడు. మొదట మా చెల్లెలి పురుడు అడ్డొచ్చింది. తరవాత దాళ్వా నాట్లు, ఆపైన కంటి ఆపరేషను. నేనూ తక్కువ తినలేదు. గ్రీన్‌కార్డు వచ్చాక నిశ్చింతగా రండి అన్నాను, ఇల్లు కొన్నాక విశాలంగా ఉంటుంది అప్పుడు రండి అన్నాను. అందరం మంచి రోజు కోసమే చూశాం. ఆ పుస్తకంలో మొదటి పేజీలో ఆయన బొమ్మ ఉంది. మిగిలిన పేజీలన్నీ పసుపుదాళ్ళ పెట్టెలోంచి అప్పుడే తీసిన కొత్తబట్టలా ఉన్నాయి. ఒక్క ముద్ర లేదు.

పదేళ్ళు. ఎవరూ ఏమీ పోగొట్టుకోకుండా అతి భద్రంగా దాచిన పదేళ్ళు.

పెద్దాయనకు డెబ్బై నాలుగేళ్ళు. ఒక మోకాలిచిప్ప మార్పించుకున్నాడు. గుండె వైద్యుడు మరీ ఎత్తైన కొండల మీద బరువులు మొయ్యవద్దన్నాడు. ఇంకో రెండు పాయింట్లు చేరితే ఆయన కోరుకున్న ప్రాంతం రావచ్చు. అప్పుడు డెబ్బై ఆరు. పాయింటు ఏటా ఒకటి పెరుగుతుంది, ఆ నడకలోని ఓపిక ఏటా ఎంత తరుగుతుందో ఏ నిబంధనల పుస్తకంలోనూ రాయలేదు. ఆయన పోగొట్టుకుంటున్నాడనుకున్నది నేనే గాని, ఆయన ఖర్చు పెడదామనుకుంటున్నాడు. ఇచ్చేవాడికి లేని బెంగ పుచ్చుకునేవాడిని పట్టుకుంది. మా నాన్న విషయంలో లోటు ఇవ్వడంలో జరిగింది. ఇప్పుడు పుచ్చుకోవడంలో జరగబోయింది.

ఆ రాత్రి కాగితాలు మళ్ళీ మొదటినుంచి చూశాను, ఈసారి ఆయన మోకాలితో. వయోమింగ్‌లో ఒక వింత నిబంధన ఉంది: ఫెడరల్ ప్రభుత్వం వైల్డర్‌నెస్‌గా ప్రకటించిన అడవుల్లో పరాయి రాష్ట్రంవాడు గైడు గాని ఆ రాష్ట్రవాసి గాని తోడు లేకుండా పెద్ద జంతువులను వేటాడరాదు. చాలామంది దీన్ని తిట్టుకుంటారు. నాకు మాత్రం మేలే అనిపించింది. రోడ్లు లేని ఆ ఎత్తులు మాకు ఎలాగూ పనికిరావు. మాకు కావలసింది కొండల పాదాల దగ్గర సేజ్ పొదల మైదానాలు, బండి ఆపి మైలో రెండు మైళ్ళో నడిచి కూర్చోగల చోటు.

దక్షిణ వయోమింగ్‌లో అటువంటి చోట్లు ఉన్నాయి. చిక్కల్లా భూమి చదరంగపు బల్లలా ఉండడమే: ఒక గడి ప్రభుత్వానిది, పక్క గడి ప్రైవేటుది. పందొమ్మిదో శతాబ్దంలో రైలుమార్గం వేసిన కంపెనీకి ఒక గడి విడిచి ఒక గడి దానమిచ్చిన ఫలితమిది. ప్రభుత్వ గడి మూలనుంచి ఎదురుగడి మూలకు అడుగువేస్తే అతిక్రమణ అవుతుందా అని, 2021లో మిస్సోరీనుంచి వచ్చిన నలుగురు వేటగాళ్ళ మీద నడిచిన వ్యాజ్యంలో 2025 మార్చిలో ఫెడరల్ అప్పీలు కోర్టు వారి పక్షాన తీర్పు చెప్పింది. ఆ అక్టోబరులో సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. కనుక పటం చేతబట్టుకుని, ప్రైవేటు నేలను తాకకుండా, మూలనుంచి మూలకు నడవవచ్చు.

బరువు మాట కూడా తేల్చుకున్నాను. ఎల్క్ పడితే నాలుగు కాళ్ళనూ విడదీసి, మాంసాన్ని గాలి ఆడే గుడ్డసంచుల్లో కట్టి, వేడెక్కకముందే చల్లచోటికి చేర్చాలి. ఒక్కొక్క మోతా నా వీపు మీద. ఆయన పని దారి చూపించడం, నేను తొందరపడితే తిట్టడం. ఆ జంతువుల్లో మెదడును తినేసే అంటురోగం ఒకటి ఉంది గనుక, మెదడూ వెన్నెముకా అక్కడే వదిలి మాంసం మాత్రమే ఇంటికి తేవాలి. మా ఊరి పక్కనుంచి పోయే ఐ-80 రహదారే నెబ్రాస్కా మీదుగా తిన్నగా వయోమింగ్ చేరుతుంది. ఐస్ పెట్టెలతో ఒక్క రోజు ప్రయాణం.

వయోమింగ్ గడువు ఫిబ్రవరి రెండు. ముందురోజు సాయంత్రం నేనే ఆయన తలుపు తట్టాను. "సగం తీసుకుంటాను. అయితే ఒక షరతు, మొదటి ఎల్క్ మీది" అన్నాను. "దాన్ని అడిగి చెబుతాను" అన్నాడు.

మా వంటింట్లోనే దరఖాస్తు నింపాం. మా ఆవిడ కాగితాలు పక్కకు నెట్టి గోంగూరపచ్చడీ అన్నమూ పెట్టింది. ఆయన నీళ్ళు తాగుతూనే రెండోసారి అడిగి వేయించుకున్నాడు. జట్టు నాయకుడిగా ఆయన పేరు, కింద నాది. ఆఖరి మీట నొక్కేముందు నేను ఆగి ఆయన వంక చూశాను. ఆయన నా చేతి మీదుగా వంగి తనే నొక్కేశాడు.

ఫలితాలు మే నెలలో వస్తాయి. రాకపోతే ఎవరి పాయింట్లు వారికే ఉంటాయి, అప్పుడు కొలరాడో రైఫిల్ సీజను ఉండనే ఉంది. ఏదో ఒక కొండపాదానికి ఈ ఏడే వెళతాం. బల్ల మీది పుస్తకాలు తీసేశాను. వయోమింగ్ పటాన్ని మాత్రం గోడకు అంటించాను, మా నాన్న ఫొటోకు పక్కన కాస్త ఖాళీ ఉంటే.

ఈ ఉదయం పెద్దాయన వాకిట్లో కనబడ్డాడు. వీపుసంచిలో రెండు మంచుపారల ఇనుపరేకులు వేసుకుని వీధి చివరిదాకా నడిచివస్తున్నాడు. ఎందుకని అడిగితే, "అక్టోబరుకు ఎనిమిది నెలలే ఉంది" అన్నాడు.