కలిపితేనే చెత్త

నిజామాబాద్ జిల్లా బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం చక్కెర కర్మాగారం 1937లో మొదలైంది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2015 డిసెంబరులో మూతపడింది. దాని వైభవం గురించి, కార్మికుల గోస గురించి ఎంతో చెప్పుకుంటాం గాని, అక్కడ మిగులును ఎలా చూసేవారో ఎవరూ చెప్పుకోరు. టన్ను చెరకు గానుగాడితే వచ్చే చక్కెర సుమారు 100 కిలోలే. 300 కిలోల దాకా పిప్పి, 40 కిలోలకు అటూ ఇటూ మొలాసిస్, దాదాపు అంతే మడ్డి వస్తాయి. పిప్పి బాయిలర్‌లో మండి మిల్లును తిప్పే ఆవిరినిస్తుంది, మొలాసిస్ డిస్టిలరీకి పోతుంది, మడ్డి పొలానికి ఎరువవుతుంది. మూడింటికీ విలువ ఎందుకుందంటే, మూడూ మూడు చోట్ల విడివిడిగా దిగుతాయి కాబట్టి. మడ్డి కలిసిన పిప్పి సరిగా మండదు, పిప్పి కలిసిన మొలాసిస్‌ను ఎవరూ కొనరు. చక్కెర పరిశ్రమకు మచ్చ లేదని కాదు. డిస్టిలరీ నుంచి వచ్చే మురుగునీరు వాగులో కలిస్తే చేపలు బతకవు. కానీ అదే నీటిని వేరుగా పట్టి బయోగ్యాస్ తీసే డిస్టిలరీలూ ఉన్నాయి. చెత్త అనేది వస్తువులో లేదు, కలపడంలో ఉందని నేననేది అందుకే.

ఇప్పుడు నిజామాబాద్‌లో చెత్త బండి ఎక్కే ఒక నల్ల కవరు విప్పి చూడండి. పాచిపోయిన అన్నం, చింతపండు పిప్పి, పాల ప్యాకెట్, వాడేసిన బ్లేడు, పిల్లల డైపరు. విడిగా ఉంటే అన్నం, పిప్పి ఎరువయ్యేవి, పాల ప్యాకెట్‌కు పాత సామాన్ల దుకాణంలో ధర పలికేది. ముడి వేసిన కవరులో ఒక్కరాత్రి కలిసి ఉన్నాక దేనికీ పనికిరావు. పైగా ఆ ముడి విప్పే పారిశుద్ధ్య కార్మికురాలి వేలు తెగుతుంది. 2011 జనాభా లెక్కల్లోనే 3 లక్షలు దాటిన ఊరు ఇది. ఇలాంటి కవర్లన్నీ నాగారం డంపింగ్ యార్డులో గుట్టపడితే, అడుగున గాలి ఆడని తడిచెత్త మీథేన్ వదులుతుంది. వందేళ్ల లెక్కన భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్‌కు 28 రెట్లు. మన పట్టణాల చెత్తలో దాదాపు సగం తడిదే. ఆ సగం వంటింట్లోనే ఆగితే యార్డు సమస్య సగం తీరినట్టే.

మనం వేరు చేసి ఇచ్చినా బండిలో మళ్లీ కలిపేస్తారు కదా అని చాలామంది అంటారు. కొన్నిచోట్ల నిజమే, అది తప్పే. తడి, పొడి, ప్రమాదకర చెత్తలను విడిగా ఇవ్వాలని, విడిగానే తీసుకెళ్లాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలే చెప్పాయి. అయితే తడిచెత్త బండి దాకా పోవాలని ఎక్కడుంది? చిల్లులు పెట్టిన పాత బకెట్‌లో ఎండుటాకులు, కూరగాయల తొక్కలు పొరలు పొరలుగా వేస్తే రెండు మూడు నెలల్లో ఎరువు తయారు. పట్టణమంతా చేయగలదా అంటే, సిద్దిపేట చేసి చూపింది. అక్కడ తడిచెత్తతో గ్యాస్ తీసే ప్లాంటు ఉంది, ఎరువు చేయడం నేర్పే స్వచ్ఛ బడి ఉంది. ఇక ఈ పని చివరికి ఆడవాళ్ల నెత్తినే పడుతుందన్న మాటకు నా దగ్గర ఒకటే జవాబు: తిన్నవాళ్లే తమ కంచం ఖాళీ చేసి ఏ డబ్బాలో వేయాలో అందులో వేయాలి. అది మగవాళ్లకు చేతకాని విద్యేం కాదు.

వేరు చేయడం కన్నా ముందు పుట్టించకపోవడం మేలు. మన పెళ్లిళ్లలో మోదుగాకు విస్తళ్లు పోయి థర్మాకోల్ పళ్లేలు వచ్చాయి. 2022 జులై 1 నుంచి వాటిపై దేశమంతటా నిషేధం ఉన్నా ఫంక్షన్ హాళ్ల వెనక చూస్తే ఆ సంగతి తెలియదు. ఈసారి మీ ఇంట్లో శుభకార్యమైతే స్టీలు గ్లాసులు, ఆకు విస్తళ్లు కావాలని క్యాటరింగ్ వాళ్లకు బయానా ఇచ్చేటప్పుడే చెప్పండి. రేపు పొద్దున చెత్త బండికి ఏ రకం చెత్త ఆ డబ్బాలో విడిగా ఇవ్వండి, అన్నీ ఒకేచోట పోస్తుంటే ఎందుకని అడగండి. కార్మికులను కాదు, మన ఓటుతో గెలిచిన కార్పొరేటర్‌ను.