పరుగెత్తడం, పారిపోవడం

మా బస్తీలో పెద్దవాడెవడైనా పరుగెత్తుతుంటే ఎవరూ టైం అడగరు. "క్యా హువా?" అని అడుగుతారు.

తెలుగులో పరుగెత్తడం వేరు, పారిపోవడం వేరు. మా ఇళ్లల్లో మాట్లాడే ఉర్దూలో రెంటికీ ఒకే మాట సరిపోతుంది - భాగ్‌నా. దౌడ్‌నా అనే మాట కూడా ఉంది. మా గల్లీలో అది పిల్లల ఆటల్లో మాత్రమే వినపడేది.

1990 డిసెంబర్ అల్లర్లప్పుడు మాకు పదేళ్లు అటూ ఇటూ. కర్ఫ్యూ సడలించిన కాసేపట్లో పాలకోసం బయటికొచ్చిన అమ్మీలు, ఎవరో వేసిన ఒక్క కేకకి మా రెక్కలు పట్టుకుని ఉరికారు. చెప్పులు నడిరోడ్డు మీదే ఉండిపోయాయి. మేం నేర్చుకున్న మొదటి పరుగు అది. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. తర్వాత పోలీసులు పాతబస్తీ కుర్రాళ్లని పట్టుకెళ్లారు. కేసుల్లో ఇరికినవాళ్లని కోర్టు నిర్దోషులంది. అప్పటికి మాకు ఇరవయ్యేడో, ఎనిమిదో. అమ్మీలు మళ్లీ పాఠం చెప్పారు: "పోలీసు కనపడితే ఉరకొద్దు బేటా, నడువు."

అలాంటి మేము నలభై దాటాక పరుగు పందేనికి పేర్లిచ్చాం. ముగ్గురం. మాలో ఒకరు పత్రికలో రాస్తారు, ఒకరు షేర్వానీలు కుడతారు, ఒకరు ఆటో నడుపుతారు. ముగ్గురికీ ఉమ్మడి ఆస్తి షుగర్ జబ్బు. నడవమన్నాడు డాక్టరు. నడక పరుగయ్యింది. పది కిలోమీటర్లు మొదటిసారి పూర్తిచేసినప్పుడు గంటా పదకొండు నిమిషాలు పట్టింది. గంటలోపు చెయ్యాలని పట్టుపట్టాం. అంటే కిలోమీటరుకి ఆరు నిమిషాలు. ఎవరూ ఎవర్నీ వదలకూడదు, ముగ్గురం కలిసే గీత దాటాలని ఒప్పందం.

పాతబస్తీలో పరుగెత్తే చోటు వెతుక్కోవాలి. ఫజర్ నమాజు అయ్యాక చార్మినార్ నుంచి గుల్జార్ హౌజ్, పత్తర్‌గట్టీ, మదీనా మీదుగా నయాపూల్ దాకా, మళ్లీ వెనక్కి. ఆ వేళకి గాజుల దుకాణాలుండవు, బండ్లుండవు. కుక్కలుంటాయి. హోటళ్లలో నహారీ ఉడుకుతుంటుంది. ఆ వాసన దాటి పరుగెత్తడం ఎంత కష్టమో తిన్నవాళ్లకే తెలుసు. రంజాన్‌లో పొద్దుటి పరుగు కుదరదు, నీళ్లు తాగే వీల్లేదు గనక. తరావీహ్ నమాజు ముగిశాక పరుగెత్తాం. మొదట్లో "క్యా హువా?" అన్న చాయ్‌వాలానే రెండు నెలలయ్యాక "కిత్నా టైం?" అనడం మొదలుపెట్టాడు. మాకది చిన్న విజయం కాదు.

ఇక అసలు సంగతి. పందెం ఫారంలో పేరు రాయాలి. ఆ పేరు ఛాతీమీది నంబరు కింద అచ్చేస్తారు. మాలో కలం పట్టేవాళ్లే, పేరు గురించీ ఉనికి గురించీ వ్యాసాలు రాసేవాళ్లే, ముందుగా అన్నారు: "ఇనిషియల్స్ చాలులే." ఎందుకన్నట్టు? అద్దె ఇంటికోసం తిరిగినప్పుడు పేరు చెప్పగానే "ఇల్లు ఇచ్చేశామండీ" అన్న గొంతులు చెవుల్లో ఉన్నాయి. పందెంలో ఇల్లు అడగడం లేదుగా! అయినా చెయ్యి దానంతటదే పేరు కుదించింది. ఎవరూ మమ్మల్ని అడగలేదు, ఎవరూ బెదిరించలేదు. మేమే దాచుకున్నాం. మాలో ఒకరి పేరు హుస్సేన్. ఆయన కూడా ఎం.హెచ్. అయిపోయాడు. తీరా పరుగెత్తబోయేది హుస్సేన్‌సాగర్ చుట్టూ!

నెక్లెస్ రోడ్డు మీద వేలమంది. మొదటి కిలోమీటరు అయిదున్నర నిమిషాల్లో లాగేశాం. అది తప్పు. ముందు దాచుకున్న ఊపిరే చివర్లో ఖర్చుకొస్తుంది. దారి పొడవునా వాలంటీర్లు ఛాతీమీది పేర్లు చదివి కేకలేస్తున్నారు. "శ్రీనివాస్, పదండి పదండి!" "మేరీ, సూపర్!" మా దగ్గరికొచ్చేసరికి ఆ పిల్లలు ఒక్క క్షణం తడబడి, "సార్, సార్" అన్నారు. మమ్మల్ని పేరుతో పిలవడానికి వాళ్లు సిద్ధంగానే ఉన్నారు. పేరే లేదు.

ట్యాంక్‌బండ్ మీదికొచ్చేసరికి కాళ్లు బరువెక్కాయి. పక్కన విగ్రహాలు. రామదాసు ఉన్నాడు, ఆయన్ని ఖైదు చేసిన తానీషా ఉన్నాడు. మఖ్దూం మొహియుద్దీన్ ఉన్నాడు, పూర్తి పేరుతో. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో ఈ చెరువు కట్టించిన హజ్రత్ హుస్సేన్ షా వలీ పేరు నీళ్లకే ఉంది. అరబ్బీ హుస్సేన్, సంస్కృత సాగరం. మా నాలుకలాగే రెండు భాషల పేరు. ఇంటికి చుట్టాలొచ్చినా, ఆటోకి కిరాయి దొరికినా ఊరంతా రోజూ ఆ పేరు పలుకుతుంది. మేము మాత్రం దాన్ని రెండక్షరాల వెనక దాచి దాని చుట్టూ రొప్పుతున్నాం.

ఎనిమిదో కిలోమీటరు దగ్గర దర్జీకి పిక్క పట్టేసింది. "మీరు పోండి" అన్నాడు. ఆటో ఆయన రోడ్డు మీదే కూర్చుని పిక్క పిసికాడు. గడియారం చూస్తూ నిలబడ్డవాళ్లెవరో చెప్పక్కర్లేదు, విలేకరి బుద్ధి. మళ్లీ లేచి ముగ్గురం ఉరికాం. "భాగో, హుస్సేన్ భాయ్, భాగో!" అని మాలో ఒకరు గట్టిగా అరిచారు. ఇనిషియల్స్ పెట్టుకుని ఏం దాగింది? పక్కన పరుగెత్తుతున్న ఒక పెద్దావిడ రొప్పుతూనే నవ్వి, "పరుగెత్తండి హుస్సేన్ గారూ, ఇంకెంతో లేదు" అంది. అంతే. ఆమెకి ఆ పేరు ఒక పేరు.

గంటా ఇరవై రెండు సెకన్లు.

చాయ్ దగ్గర కూర్చుని లెక్కలు వేశాం. పిక్కకి పోయిన సమయం ఒక నిమిషం పైమాటే. అది పోనీ. వచ్చే ఏడు ఫారంలో పూర్తి పేర్లు రాయాలని ఇద్దరం అన్నాం. దర్జీ ఒప్పుకోలేదు. "మీది ఒక పూట పరుగు. నా దుకాణం రోజూ తెరవాలి" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. ఫారం ఇవ్వడానికి ఇంకా టైముంది. ఫజర్ తర్వాత పరుగు మాత్రం రోజూ సాగుతోంది.