సిలికాన్ మీద లోహం ఎలా కుదురుకుంటుంది? ఆ చదువు మనకెందుకు?

పోస్టు కాస్త పొడుగే, తీరిక చూసుకొని చదవండి.

బీఎస్సీ ఫిజిక్స్ చదివే మన పిల్లలకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "తర్వాత బీఈడీయేనా?" బీఈడీ తక్కువని మేము అనడం లేదు. మన ఊరి బడికి మన టీచరు ఉండాల్సిందే. కానీ ఇంకో దారి తెలియక అటు పోవడం వేరు, అన్నీ తెలిసి ఎంచుకోవడం వేరు.

మేము మందస, మెళియాపుట్టి వైపు కొండ ఊళ్ల సవర పిల్లలం. టెక్కలి, పలాసల్లో డిగ్రీ చదివాం. మాలో ఒక చెల్లి ఎమ్మెస్సీలో సిలికాన్ మీద పలుచని లోహపు పొరల గురించి ప్రాజెక్టు తీసుకుంది. ఇంట్లో "ఏటి సదువిది? దీంతో ఉద్యోగమొస్తాదా?" అంటున్నారు. ఈ ఏడాది అయ్యాక ముందుకు పోవాలా, ఆపెయ్యాలా అన్నది తను తేల్చుకోవాలి. తనతో పాటు కూర్చుని మేము నేర్చుకున్నది ఇది.

ఫోనులో ఉండే చిప్ సిలికాన్ ముక్క. దానిలోకి కరెంటు పోవాలంటే లోహం దానికి గట్టిగా అంటుకోవాలి. ముందు సిలికాన్ శుభ్రంగా ఉండాలి. ఉద్దానం ఉప్పుగాలికి ఇనుపరేకు తుప్పు పట్టినట్టే, గాలి తగిలితే సిలికాన్ మీద ఒకటి రెండు నానోమీటర్ల ఆక్సైడ్ పొర కడుతుంది. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు. ఆ పొర తీసేసి, గాలి దాదాపు లేని పెట్టెలో లోహాన్ని ఆవిరి చేసి దాని మీదికి పంపుతారు.

పడ్డ లోహం మూడు రకాలుగా పెరగవచ్చు. కడిగిన అద్దం మీద నీళ్లలా సమంగా పరుచుకోవచ్చు. చేమాకు మీద చుక్కల్లా విడివిడి దీవులు కట్టవచ్చు. లేదా ముందు పొర పరిచి, దాని మీద దీవులు కట్టవచ్చు.

తర్వాత వేడి చేస్తే అసలు పని మొదలవుతుంది. లోహం, సిలికాన్ కలిసి సిలిసైడ్ అనే కొత్త పదార్థం అవుతుంది. నికెల్ అయితే సుమారు 250 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక సిలిసైడ్, 400 దగ్గర ఇంకొకటి, 750 దాటితే మరొకటి. వీటిలో మధ్యదానిలోంచి కరెంటు సులువుగా పోతుంది, చిప్పులకు అదే కావాలి. పలాసలో బోర్మా దగ్గర పనిచేసేవాళ్లను అడగండి: వేడి తక్కువైతే జీడిపప్పు పొట్టు ఊడదు, ఎక్కువైతే పప్పు మాడుతుంది. ఇక్కడా అంతే, వేడి లెక్క తప్పితే వేరే పదార్థం తయారవుతుంది.

బంగారం సంగతి ఇంకా వింత. బంగారం 1064 డిగ్రీల దగ్గర, సిలికాన్ 1414 దగ్గర కరుగుతాయి. రెండూ సరైన పాళ్లలో కలిస్తే 363 డిగ్రీలకే కరుగుతాయి. సెల్‌ఫోన్ రిపేరు షాపులో సోల్డర్ కూడా ఇలాంటిదే: తగరం 232, సీసం 327, వాటి మిశ్రమం 183.

ఈ బంగారం మీద గట్టి పని జరిగింది ఎక్కడో కాదు, మన పక్కనే భువనేశ్వర్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్‌లో. కె. శేఖర్, బి.ఎన్. దేవ్ తదితరులు 1995లో ప్రచురించారు. సిలికాన్ మీద గోల్డ్ సిలిసైడ్ దీవులు మొదట మూడు భుజాలూ సమానమైన త్రిభుజాలుగా పెరిగాయి. అడుగున సిలికాన్ అణువుల అమరిక అలాంటిది. ఒక పరిమాణం దాటాక మాత్రం ఒక వైపే సాగి ట్రెపీజియంలయ్యాయి. రెండు పదార్థాల అణువుల మధ్య దూరాలు సరిపోక ఒత్తిడి పుడుతుంది. దీవి పెద్దదయ్యే కొద్దీ ఆ ఒత్తిడి తగ్గించుకోడానికి పొడుగ్గా సాగుతుంది. అమెరికాలో ఐబీఎం శాస్త్రవేత్తలు టెర్సాఫ్, ట్రాంప్ 1993లోనే ఇలా జరుగుతుందని లెక్క వేశారు. దానికి రుజువు పలాసలో ఎక్కే రైలు మార్గంలోనే దొరికింది!

అక్కడ పీహెచ్‌డీకి జెస్ట్ పరీక్ష రాసి వెళ్లవచ్చు. పీహెచ్‌డీ చేసేవాళ్లకు నెలనెలా ఫెలోషిప్ ఉంటుంది. ఎస్టీ విద్యార్థులకు కేంద్రం ఏటా 750 నేషనల్ ఫెలోషిప్పులు వేరుగా ఇస్తుంది. అంటే ఇంటి మీద భారం పడకుండా చదవొచ్చు. ఇంట్లోవాళ్లు అడిగినదానికి ఇదీ మా జవాబు.

చెల్లి ఏది ఎంచుకున్నా మేము తన వెంటే ఉంటాం. గ్రూపులో ఫిజిక్స్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా ఉంటే కామెంటులో చెప్పండి. జెస్ట్ పాత పేపర్లు ఆదివారం ఆదివారం కలిసి చేద్దాం.